ఉండాడు అంటే ఏం తప్పుండాది?

పోయిన వేసవి సెలవులకు డల్లాస్ నుంచి మా తమ్ముడి కుటుంబం గిద్దలూరు వచ్చింది. వాళ్ళ అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో స్పానిష్ తీసుకుంది. సెలవులు ముగియగానే పరీక్ష ఉందని పొద్దున్నే వసారాలో కూర్చుని క్రియారూపాలు వల్లె వేసేది: ప్వేదో, ప్వేదెస్, ప్వేదె, పొదేమోస్, పొదేయిస్, ప్వేదెన్. 'చేయగలను, చేయగలవు, చేయగలడు' అన్న వరుసలో వచ్చే రూపాలివి. ధాతువు 'పొదేర్'. ధాతువులో ఒకారం ఉంటే రూపంలో 'వే' ఎక్కడి నుంచి వచ్చిందమ్మా అని అడిగాను. "ఇవి బూటు క్రియలు పెదనాన్నా" అంటూ నోటు పుస్తకంలో పట్టిక గీసి చూపించింది. ఆరు రూపాల్లో నాలుగింట ధాతువు మారుతుంది, రెండింట మారదు. మారిన నాలుగింటి చుట్టూ గీత గీస్తే అది బూటు ఆకారంలో వస్తుంది. ఉచ్చారణలో ఊనిక ధాతువు మీద పడినప్పుడు అచ్చు విరిగి రెండుగా పలుకుతుంది, ఊనిక ప్రత్యయం మీదికి జరిగితే ధాతువు తన అసలు రూపంలో ఉండిపోతుంది. సూత్రం చిన్నదే, కానీ అది ఏ క్రియలకు వర్తిస్తుందో మాత్రం కంఠస్థం చేయవలసిందే. ఆ పిల్ల ఓపికకు నాకు ముచ్చటేసింది.

అప్పుడే వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది: "పాపా, మీ నాయన యాడుండాడు? కాఫీ సల్లారిపోతాంది."

"అవ్వా, ఉండాడు అనకూడదు, ఉన్నాడు అనాలి. ఉండాడు తప్పని మా తెలుగు క్లాసులో చెప్పారు" అంది పిల్ల, ఎంతో ప్రేమగానే.

"అట్లనా" అని నవ్వింది మా అమ్మ. నవ్విందే గానీ, మిగిలిన మూడు వారాలూ ఆ పిల్లతో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది. మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషలో తప్పు దొర్లుతుందేమోనని మనుమరాలి ముందు భయపడింది. ఈ టపా ఆ భయం గురించి. పిల్ల మీద నాకు కోపం లేదు. స్పానిష్ ధాతువు నాలుగు చోట్ల రూపం మార్చుకుంటే బూటు బొమ్మ గీసుకుని మరీ నేర్చుకునే పిల్లకు, తన అవ్వ నోట తెలుగు ధాతువు మారకుండా నిలిస్తే అది తప్పని ఎవరో నేర్పారు. నా పేచీ ఆ నేర్పిన మాటతో.

ముందుగా వ్యాకరణం సంగతి చూద్దాం. ధాతువు రూపం మార్చుకోవడం స్పానిష్ సొత్తు కాదు. 'వచ్చు' అన్న క్రియను తీసుకోండి: వచ్చాడు, వస్తాడు, రాడు, రండి. మొదటి రెండింటికీ చివరి రెండింటికీ ఒక్క అక్షరం పొత్తు లేదు. తమిళంలో 'వరు', కన్నడంలో 'బరు' అన్న రూపాలు చూస్తే గుట్టు తెలుస్తుంది. పూర్వం 'వర' అన్న అంగంలో అచ్చూ హల్లూ చోట్లు మార్చుకుని 'వ్రా' అయి, ముందున్న వకారం జారి 'రా' మిగిలింది. తమిళుల 'ఉరల్' మన దగ్గర 'రోలు' అయినదీ ఇలాంటి దారినే. ఇక 'చూచు' ఉంది: చూశాడు, చూస్తాడు, చూడడు. 'ఇచ్చు' ఉంది: ఇచ్చాడు, ఇస్తాడు, ఇవ్వడు. 'నడుపు' ఇంకా తమాషా: నడుపుతాడు, నడిపాడు, నడపడు. నడిమి అచ్చు ఉకారమై, ఇకారమై, అకారమై మూడు వేషాలు కడుతుంది. పలుకు, కలుపు, తడుపు అన్నీ ఇదే బాట. ఏ తల్లీ పిల్లకు దీనికి బూటు బొమ్మ గీయదు. మూడేళ్ళ బిడ్డ 'నడపను పో' అంటుంది, ఒక్కసారి కూడా 'నడుపను' అనదు.

చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో క్రియకు ఒక పరిచ్ఛేదమే కేటాయించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు ధాతువుల మీదనే పరిశోధన చేసి 1961లో గ్రంథం ప్రకటించారు. ఆయన 1928లో పుట్టింది ఒంగోల్లో. అంటే తెలుగు క్రియాధాతువుల లోతు ప్రపంచానికి చూపించిన మనిషి మాకు దూరపువాడేమీ కాదు.

ఇప్పుడు అసలు నిందితుణ్ణి బోనులో నిలబెడదాం. ధాతువు 'ఉండు'. పత్రికల తెలుగులో దాని రూపాలు: ఉంటాడు, ఉన్నాడు, ఉండడు. మొదటి దానిలో 'ండ' పోయి 'ంట' వచ్చింది. రెండవ దానిలో డకారం పూర్తిగా మాయమై జంట నకారం మిగిలింది. మూడవ దానిలో మాత్రమే ధాతువు చెక్కు చెదరలేదు. మా గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు మాటలో: ఉంటాడు, ఉండాడు, ఉండడు. మూడింట రెండు చోట్ల ధాతువు స్పష్టంగా కనిపిస్తుంది. మారినది శిష్టరూపమట, మారనిది మొరటురూపమట! ఏ తర్కంతో? 'ఉండేవాడు' అని రాస్తే ఏ సంపాదకుడూ దిద్దడు, 'ఉండగా', 'ఉండి', 'ఉండబోయే' అంటే ఎవరూ నవ్వరు. అదే ధాతువు, అదే డకారం. 'ఉండాడు' దగ్గరికి వచ్చేసరికి ఎర్ర సిరా బయటికొస్తుంది.

ఒక పెద్దమనిషి నాతో వాదించాడు: "ఉండాడు, ఉండడు రెండూ ఒకేలా వినిపిస్తాయి కదా, ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది?" చూడబోతే గట్టి వాదమే. కానీ ఆయన తన నోటితో రోజుకు నూరుసార్లు 'చెప్పాడు, చెప్పడు', 'కొట్టాడు, కొట్టడు', 'ఆడాడు, ఆడడు' అంటూనే ఉన్నాడు. జరిగిన పనికీ జరగని పనికీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా. హ్రస్వదీర్ఘాల మీద నిలబడ్డ భాషలో దీర్ఘాన్ని నమ్మలేమనడం ఏమి న్యాయం?

రెండవ నిందితుడు 'వచ్చినాడు'. దీని కథ ఇంకా బాగుంటుంది. 'వచ్చిన', 'వాడు' కలిసి 'వచ్చినవాడు'. అందులో వకారం జారితే 'వచ్చినాడు'. అందులో నకారం కూడా జారి, మిగిలిన ఇకార ఆకారాలు ఒకదానిలో ఒకటి కలిస్తే కోస్తా వారి 'వచ్చాడు'. ఆ 'చ్చా'ను కోస్తాలో ఏకారపు ఛాయతో పలకడం, కొందరు 'వచ్చేడు' అని రాయడం ఆ కలయికకు మిగిలిన గుర్తే. అంటే మా 'వచ్చినాడు' మీ 'వచ్చాడు'కు చెడిపోయిన రూపం కాదు, దానికి ముందు మెట్టు. 'వచ్చిన మనిషి' అని మీరూ అంటారు. ఆ 'వచ్చిన'కు మేము 'ఆడు' చేర్చుకుంటే మాత్రం పల్లెటూరితనం. అలాగే 'వస్తాండాడు'. వస్తా, ఉండాడు. మీ 'వస్తున్నాడు'లో ఉన్నది వస్తు, ఉన్నాడు. ఇల్లు ఒకటే, కప్పు వేరు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మా రూపం పాతది గనుక గొప్పదని నేననడం లేదు. అలా అంటే వ్యావహారికాన్ని కాదన్న పండితుల తూకపురాళ్ళనే నేనూ వాడినట్టవుతుంది. పాతదీ గొప్పది కాదు, కొత్తదీ గొప్పది కాదు. 'రా' అన్నది 'వర'కు అపభ్రంశమని ఎవరూ ఏడవడం లేదు కదా. నేనడిగేది ఒక్కటే. ధాతువు మారినా, మారకపోయినా, ఒక ప్రాంతపు జనం తరతరాలుగా ఒక నియమంతో పలుకుతున్న రూపాన్ని తప్పు అనకండి. తప్పు అంటే నియమం లేనిది. 'నడుపను' తప్పు, ఎందుకంటే ఏ ఊళ్ళోనూ ఎవరూ అనరు. 'ఉండాడు' తప్పు కాదు, అది వేరు నియమం.

గుంటూరులో నంద్యాల రైలెక్కి కూర్చోండి. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ దాటి మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు. పెట్టెలో మాటలు వింటూ రండి. ఎక్కడా గీత గీసినట్టు భాష మారదు. మెల్లగా 'ఎక్కడ' కాస్తా 'యాడ' అవుతుంది, 'వచ్చాడు' కాస్తా సాగి 'వచ్చినాడు' అవుతుంది, ఎవరో 'సీటు ఖాళీగా ఉండాదా' అని అడుగుతారు. మా ప్రాంతం 1970 వరకూ కర్నూలు జిల్లా. ఆ ఏడు ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు నుంచి, నెల్లూరు నుంచి, కర్నూలు నుంచి తాలూకాలు తెచ్చి కలిపారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మూడు జిల్లాల ముక్కలు కుట్టిన ఆ బొంతలో పడమటి ముక్క అప్పట్లో మాదైంది. కాగితం మీద జిల్లా మారినంత మాత్రాన నోట్లో ధాతువు మారదు. భద్రిరాజు వారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వెలువడినప్పుడు మేమింకా కర్నూలు వాళ్ళమే. సీమవాళ్ళకు మేము కోస్తా జిల్లావాళ్ళం, కోస్తావాళ్ళకు మేము సీమ మాటవాళ్ళం. మా మాటను వెనకేసుకొచ్చే రాజధాని ఏదీ మాకు లేదు.

గిడుగు వారి పేరు చెప్పి నన్ను మందలించే మిత్రులున్నారు. "వ్యావహారికం గెలిచింది కదా, ఇంకా ఈ గొడవేమిటి?" అంటారు. గెలిచింది, సంతోషం. గ్రంథాలలో 'వచ్చెను' పోయి 'వచ్చాడు' వచ్చింది. కానీ వ్యవహారం అంటే ఎవరి వ్యవహారం? కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట ఆ పీఠమెక్కి కూర్చుంది. దానికి చారిత్రక కారణాలున్నాయి. అచ్చు యంత్రాలు, పత్రికలు, తరువాత సినిమా, వాటిని నడిపిన మనుషులు ఎక్కువగా ఆ వైపు వారు. అది కుట్ర అని నేననను. కానీ అదే గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ ఏం చేశారో కూడా గుర్తు పెట్టుకోవాలి. కొండమీది సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే పాఠాలు రాశారు. సవర బిడ్డ మాటకు అంత గౌరవమిచ్చిన మనిషి పేరు చెప్పి, గిద్దలూరు బిడ్డ మాటను తప్పు పట్టడం ఆయనకు మనమిచ్చే నివాళేనా? ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే ప్రతి బడీ ఆ రోజైనా ఈ ప్రశ్న వేసుకోవాలి.

"ప్రామాణిక భాష అవసరం లేదంటావా?" అన్నది మరో ప్రశ్న. అవసరమే. శ్రీకాకుళం రైతుకూ ఆదిలాబాదు రైతుకూ ఒకే ప్రకటన అందాలంటే ఉమ్మడి రూపం ఒకటి ఉండి తీరాలి. ఉమ్మడి దారి ఉన్నంత మాత్రాన ఇంటి గుమ్మం మూసేయనక్కర లేదు. 'వచ్చు'నూ 'రా'నూ ఒకే ధాతువుగా మోయగలిగిన పిల్లల బుర్ర 'ఉన్నాడు'నూ 'ఉండాడు'నూ మోయలేదా? "ఇది మీ ఇంట్లో మాట, ఇది పరీక్షలో రాసే మాట, రెండూ తెలుగే" అని చెప్పడానికి ఉపాధ్యాయునికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మిగుల్చుకోవడానికి 'తప్పు' అనేస్తున్నారు. నేను చదువుకున్న బడిలో నా వ్యాసంలో 'పోయినాను' కింద గీత పడింది. రెండోసారి గీత పడకుండా రాశాను. మూడోసారి నుంచి ఇంటి సంగతులు రాయడమే మానేశాను. దిద్దిన మాట ఒక్కటే, పోయిన మాటలు ఎన్నో.

మళ్ళీ ఆ స్పానిష్ పట్టిక దగ్గరికి వస్తాను, ఎందుకంటే అందులో ఒక గడి ఖాళీగా ఉంది. పుస్తకం 'నువ్వు చేయగలవు'కు 'తూ ప్వేదెస్' అని ఇచ్చింది. అర్జెంటీనాలో జనం 'తూ' అనరు, 'వోస్' అంటారు. వాళ్ళ క్రియ 'వోస్ పొదేస్'. ఊనిక ప్రత్యయం మీద పడుతుంది కనుక ధాతువు మారదు. 'ప్యెన్సాస్'కు బదులు 'పెన్సాస్', 'క్యేరెస్'కు బదులు 'కెరేస్'. అంటే మాడ్రిడ్‌లో ధాతువు విరిగిన చోట బ్యూనస్ ఐరిస్‌లో విరగదు. 'ఉన్నాడు, ఉండాడు' జంట అచ్చం ఇదే. ఆ 'వోస్' మాటను పందొమ్మిదో శతాబ్దంలో మహా పండితుడు ఆంద్రేస్ బేయో చీలీలో ఉండగా అనాగరికమని ఖండించాడు. తరగతి గది దాన్ని ఎన్నో ఏళ్ళు వెలివేసింది. జనం మానలేదు, రచయితలూ మానలేదు. చివరికి 1982లో అర్జెంటీనా సాహిత్య అకాడమీ అది సమ్మతమైన రూపమేనని ఒప్పుకుంది. ఆకాశం విరిగి పడలేదు. మాడ్రిడ్ వాళ్ళకూ బ్యూనస్ ఐరిస్ వాళ్ళకూ ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా పోలేదు. ఈ సంగతి మా పిల్లకు చెబితే పట్టిక పక్కన ఇంకొక వరుస గీసుకుంది.

మన దగ్గరా తలుపులు బొత్తిగా మూసిలేవు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు మాటను సంభాషణల కొటేషన్లలో ఖైదు చేయకుండా కథ మొత్తం దానితోనే నడిపాడు. చదివినవాళ్ళెవరూ అర్థం కాలేదని పుస్తకం మూయలేదు. తెలంగాణ తన మాట కోసం పోరాడింది. 2014లో రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తన భాషా దినంగా చేసుకుంది. నల్లమల అంచున ఉన్న మాకు ఉద్యమమూ లేదు, దినమూ లేదు. కథలో పాలేరు మాట్లాడితే 'ఉండాడు', కథకుడు మాట్లాడితే 'ఉన్నాడు'. ఈ కొటేషన్ల గోడే నాకు అన్నిటికన్నా పెద్ద అవమానం. మా మాట నవ్వించడానికీ ఏడిపించడానికీ పనికొస్తుంది, ఆలోచించడానికి పనికిరాదని ఆ గోడ చెబుతుంది.

మార్కాపురం అంటే పలకలు. నేలలోంచి రాయి తీసి, పొరలు పొరలుగా చీల్చి, చెక్క చట్రం బిగించి ఊరూరికీ పంపిన పట్నం అది. ఎన్ని లక్షల మంది పిల్లలు ఆ రాయి మీద మొదటి అక్షరం దిద్దారో! ఆ పలకలు చెక్కిన చేతుల మాట మాత్రం ఆ పలక మీద రాయకూడదట. రాస్తే చెరిపేయాలట.

ఇంతా చెప్పి, ఈ టపా అంతా నేను 'ఉన్నాడు' భాషలోనే రాశానని మీరు ఈపాటికి గమనించే ఉంటారు. అది నా గెలుపు కాదు. యాభై ఏళ్ళు వచ్చిన తర్వాత కూడా వాదించవలసి వస్తే నా చెయ్యి తనంతట తానే ఆ భాషలోకి పోతుంది. ఆ చిన్ననాటి ఎర్ర గీత అంత లోతుగా పడింది. లేఖినిలో మొదటిసారి తెలుగు కొట్టిన రోజున నా భాషలో నేను రాసుకుంటున్నానని మురిసిపోయాను. ఏ భాషలో రాస్తున్నానో అప్పుడు ఆలోచించలేదు. యూనికోడ్‌కు పక్షపాతం లేదు. అది నకారానికి ఎంత చోటిచ్చిందో డకారానికీ అంతే ఇచ్చింది. సంపాదకుడు లేని చోట, గీత గీసే పంతులు లేని చోట కూడా మనల్ని మనమే దిద్దుకుంటున్నామంటే ఆ తప్పు ఇక ఎవరిదీ కాదు, మనదే.

అందుకని బ్లాగ్మిత్రులకు నాదొక మనవి. వ్యాఖ్యల్లో నన్ను పొగడవద్దు, తిట్టినా పరవాలేదు. కాని 'ఉండు', 'వచ్చు' అన్న రెండు ధాతువులు మీ ఊళ్ళో, మీ అవ్వ నోట ఎలా పలికేవో రాయండి. ఉన్నడు, వచ్చిండు అని కొందరు రాస్తారని తెలుసు. ఇంకా నేను వినని రూపాలెన్నో ఉంటాయి. అన్నీ ఒకచోట చేర్చి పట్టిక వేద్దాం, డల్లాస్ పిల్లకు పంపుతాను. ఎవరి రూపం పక్కనా 'తప్పు' అని రాయను.

మొన్న ఫోనులో ఆ పిల్ల మా అమ్మను అడిగింది: "అవ్వా, పెదనాన్న యాడుండాడు?" మా అమ్మ వెంటనే, ఒక్క క్షణం కూడా ఆగకుండా, జవాబు చెప్పింది.

"ఈడనే ఉండాడు. ఏందో రాసుకుంటాండాడు."